లెగో వాల్-ఈ కట్టాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో టీవీ పక్కన, లెగో అనే ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ ముక్కలతో కట్టిన వాల్-ఈ రోబో బొమ్మ కూర్చున్నప్పటి నుంచి ఇంటికొచ్చిన వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఫోన్‌లో ఫొటో చూసిన స్నేహితులూ అవే అడుగుతారు. ఈ బొమ్మని మా ఇంట్లో రెండుసార్లు కట్టాం, ఒకసారి పూర్తిగా విప్పాను. నాకు తెలిసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి ఒక్క మాట చాలు.

ఇది ఏ సెట్? సినిమాలో పాత్రే కదా?

అవును. 2008లో వచ్చిన పిక్సార్ యానిమేషన్ సినిమా వాల్-ఈలో హీరో ఇతనే. మనుషులు వదిలేసి వెళ్లిన భూమ్మీద చెత్తని నొక్కి, ఘనాలుగా చేసి, పేర్చుకుంటూ ఒంటరిగా బతికే చిన్న రోబో. ఆ సినిమాకి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది.

లెగో సెట్ నంబర్ 21303. 2015 సెప్టెంబర్‌లో విడుదలైంది. 670 పైచిలుకు ముక్కలుంటాయి. కట్టాక సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అప్పట్లో అమెరికాలో ధర 60 డాలర్లు. చేతులు పైకీ కిందికీ, పక్కలకీ కదులుతాయి. వేళ్లు చిన్న వస్తువుని పట్టుకుంటాయి. పొట్ట తలుపు తెరుచుకుంటుంది. ట్రాకులు, అంటే కాళ్ల స్థానంలో చక్రాల చుట్టూ ఉండే పట్టీలు, నిజంగానే దొర్లుతాయి.

దీన్ని ఎవరు డిజైన్ చేశారు? ఫ్యాన్ చేసిందని విన్నాను.

ఈ సెట్ మీద నాకు ఇంత ఇష్టం ఏర్పడటానికి కారణం ఈ ప్రశ్నకి జవాబే.

లెగో ఐడియాస్ అనే పద్ధతి ఒకటుంది. ఎవరైనా తాము కట్టిన మోడల్‌ని అక్కడ పెట్టొచ్చు. 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ దాన్ని పరిశీలనకి తీసుకుంటుంది, నచ్చితే సెట్‌గా తయారుచేస్తుంది. ఇది మొదట 2008లో జపాన్‌లో కూసూ అనే పేరుతో మొదలైంది, 2014లో ఐడియాస్‌గా మారింది. వాల్-ఈ కూడా ఈ దారిలోనే వచ్చాడు.

కానీ మోడల్ పెట్టిన వ్యక్తి మామూలు అభిమాని కాదు. ఆయన ఆంగస్ మెక్లేన్. అప్పట్లో పిక్సార్‌లో యానిమేటర్, ఆ సినిమాకే పనిచేసినవారు. సినిమా తయారవుతున్న రోజుల్లోనే ఆయన లెగోతో వాల్-ఈని కట్టడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి మారుస్తూ వచ్చారు. తర్వాత ఫైండింగ్ డోరీకి సహ దర్శకుడిగా, 2022లో లైట్‌ఇయర్‌కి దర్శకుడిగా పనిచేశారు. క్యూబ్‌డ్యూడ్ అనే చిన్న బొమ్మల శైలిని లెగో అభిమానులకి పరిచయం చేసింది కూడా ఆయనే.

అంటే పగలు కంప్యూటర్‌లో ఆ పాత్రని కదిలించిన మనిషే, సాయంత్రం ప్లాస్టిక్ ముక్కలతో అదే పాత్రని కట్టుకున్నారన్నమాట. తల ఎంత వంగితే దిగులుగా ఉంటుందో, ఎంత లేస్తే ఆశ్చర్యంగా ఉంటుందో ఆయనకి వేళ్లతో తెలుసు. అందుకే ఈ మోడల్‌లో కొలతలకంటే కదలికకే ఎక్కువ విలువ కనిపిస్తుంది.

తల ఒకవైపుకి వాలిపోతుందని అంటారు. నిజమేనా?

మొదటి విడతలో నిజమే. సెట్ మార్కెట్లోకి రాగానే కొన్నవాళ్లు ఇదే చెప్పారు. తల బరువుని మెడ మోయలేక పక్కకి ఒరిగిపోయేది. కంపెనీ అమ్మకం కొన్నాళ్లు ఆపి, మెడ దగ్గర ముక్కలు మార్చి, సరిచేసిన సెట్‌ని మళ్లీ తెచ్చింది.

ఇది మీకు ఎందుకు ముఖ్యమంటే, ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారిన పాత సెట్లే. మీ చేతికొచ్చేది మొదటి విడతో, సరిచేసినదో డబ్బా చూసి చెప్పడం కష్టం. కొనేముందు అమ్మేవారిని రెండు అడగండి: మెడ దగ్గరగా తీసిన ఫొటో, తలని నిటారుగా నిలబెట్టి వదిలేసిన చిన్న వీడియో. తల నిలబడితే మంచిది. ఒరిగితే ధర తగ్గించమని అడగండి. లెగో వెబ్‌సైట్‌లో మాన్యువల్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో మెడ పేజీలు, మీ పుస్తకంలో మెడ పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పీడీఎఫ్‌లో చెప్పినట్టే కట్టండి, తక్కువైన నాలుగు ముక్కలు విడిగా తెప్పించుకోండి.

ఇంత పట్టుదల ఎందుకు అనుకోవద్దు. ఈ పాత్రకి నోరు లేదు, కనుబొమలు లేవు. సినిమా దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ బేస్‌బాల్ మ్యాచ్ చూస్తూ, బైనాక్యులర్‌ని చేతుల్లో తిప్పుతూ మడిచి చూసినప్పుడు ఈ ముఖం తట్టిందని చెప్పారు. రెండు గొట్టాలు కిందికి వాలితే దిగులు, పైకి లేస్తే సంతోషం. మాటల స్థానంలో ఉన్నది సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ చేసిన శబ్దాలు, ఈ మెడ, ఈ కళ్లు. మెడ నిలబడకపోతే మన బల్ల మీద ఉన్నది పసుపు డబ్బానే.

ఇప్పుడు కొత్తది దొరుకుతుందా? ఎంతవుతుంది?

తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. సీల్ తియ్యని డబ్బా అప్పటి ధర కంటే చాలా ఎక్కువ చెబుతారు. పెట్టుబడి కోసమైతే మీ ఇష్టం. కట్టుకోవడం కోసమైతే సీల్ ఉన్న డబ్బాకి అంత డబ్బు పెట్టొద్దని నా సలహా. ఒకసారి కట్టి విప్పిన సెట్ అయినా, ముక్కలన్నీ ఉంటే, కట్టేటప్పుడు అదే ఆనందం.

విదేశం నుంచి తెప్పించుకునేవాళ్లు కస్టమ్స్ సుంకం లెక్క వేసుకోండి. మన దేశంలో బొమ్మల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దాని మీద మిగతా పన్నులు వేరు. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉన్న బంధువులు సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మనడం మన ఇళ్లలో అందరం చేసే పనే. నా సెట్ కూడా అలాగే, మా పిన్ని కొడుకు సూట్‌కేసులో చీరల మధ్య వచ్చింది. డబ్బా చదును చేసి, ముక్కలు జిప్ కవర్లలో పెట్టి తెమ్మనండి, చోటు కలిసొస్తుంది.

సెట్ కొనకుండా ముక్కలు విడివిడిగా కొని కట్టొచ్చా?

కట్టొచ్చు. మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ముక్కల జాబితా చేతిలో ఉన్నట్టే. విడి ముక్కలు అమ్మే వాటిలో అతి పెద్ద ఆన్‌లైన్ సంత బ్రిక్‌లింక్. ఎన్నో దేశాల చిన్న దుకాణాలు అందులో ఉంటాయి. 2019లో దాన్ని లెగో కంపెనీయే కొనేసింది.

చిక్కంతా రంగు దగ్గరే. వాల్-ఈ ఒంటి రంగు మామూలు లెగో పసుపు కాదు. బంగినపల్లి మామిడిపండు తొక్కలా కాస్త నారింజ కలిసిన పసుపు. బ్రిక్‌లింక్‌లో దీని పేరు బ్రైట్ లైట్ ఆరెంజ్, లెగో కంపెనీ సొంత పేరు ఫ్లేమ్ యెల్లోయిష్ ఆరెంజ్. రెండు పేర్లూ ఒకే రంగుకి. ఇది తెలియక మామూలు పసుపు తెప్పించుకున్నవాళ్లని చూశాను. బూడిద రంగులోనూ జాగ్రత్త. 2004 ప్రాంతంలో లెగో బూడిద రంగులన్నిటినీ కొంచెం నీలిఛాయకి మార్చింది. మీకు కావాల్సింది ఆ కొత్త బూడిదే. పాతది కలిస్తే ట్యూబ్‌లైట్ కింద తెలియకపోవచ్చు గానీ పగటి వెలుతురులో వెంటనే పట్టేస్తుంది.

ఒకే దుకాణంలో అన్నీ దొరకవు. నాలుగైదు దుకాణాల నుంచి తెప్పిస్తే ముక్కల ఖరీదు కంటే పోస్టేజీ ఎక్కువవుతుంది. ముందు పెద్ద ముక్కలు ఎక్కువున్న దుకాణం చూసుకుని, మిగిలినవి ఇంకొక్క చోట దొరికేలా లెక్క చూసుకోండి. పైకి కనిపించని లోపలి ముక్కలు ఏ రంగైనా పర్వాలేదు, ఇంట్లో ఉన్నవి వాడేయండి.

నకిలీ అని ఎలా తెలుసుకోవాలి?

ముక్కల మీద ఉండే గుండ్రటి బుడిపెని చూడండి. అసలైనదైతే దాని మీద చిన్న అక్షరాలతో కంపెనీ పేరు ఉంటుంది. ఫొటోల్లో బుడిపెలు నున్నగా కనిపిస్తే వదిలేయండి. నకిలీల్లో పెద్ద ఇబ్బంది పట్టు. కొన్ని ముక్కలు విపరీతంగా బిగుసుకుంటాయి, కొన్ని జారిపోతాయి. మెడే ప్రాణమైన ఈ మోడల్‌కి అది అస్సలు సరిపడదు.

కట్టడానికి ఎంత టైమ్ పడుతుంది?

మాకు మొదటిసారి మూడు సాయంత్రాలు పట్టింది. రెండోసారి ఒక ఆదివారం.

ముక్కల్ని రంగుల వారీగా వేరు చేసుకోవాలా?

వద్దు. ఆకారం వారీగా చేసుకోండి. ఈ సెట్‌లో ఎక్కువ ముక్కలు రెండు మూడు రంగుల్లోనే ఉంటాయి. పసుపువన్నీ ఒక పళ్లెంలో పోస్తే చిన్న ముక్క కంటికి ఆనదు. ఒకే ఆకారం ఉన్నవన్నీ ఒక చోట ఉంటే మాత్రం పసుపు, బూడిద, నలుపు వేటికవి విడిపోయి కనిపిస్తాయి. మా ఇంట్లో పోపుల డబ్బా ఇందుకు చక్కగా సరిపోయింది. ఏడు గిన్నెలు, ఏడు రకాలు. మిగిలినవి స్టీలు పళ్లెంలో. అయితే కడిగి ఆరబెట్టిన డబ్బా వాడండి, పసుపు పొడి అంటితే తెల్ల ముక్కలకి ఆ మరక వదలదు.

నలుపు, ముదురు బూడిద ముక్కలు తేడా తెలియక ఇబ్బంది పెడతాయి. వాటిని తెల్ల కాగితం మీద పరిచి, పగటిపూట వేరు చేయండి.

మాన్యువల్‌లో ముక్కలు పక్కకి తిరిగి ఉన్నాయి. అది ఎలా నిలుస్తుంది?

దీన్ని అభిమానులు స్నాట్ అంటారు. స్టడ్స్ నాట్ ఆన్ టాప్ అనే మాటకి పొట్టి రూపం. బుడిపెలు పైకి కాకుండా పక్కకో, కిందికో తిరిగేలా కట్టడం. వాల్-ఈ లాంటి నున్నటి గోడలున్న పెట్టె బొమ్మకి ఇదే ఆధారం.

లెక్క తెలిస్తే భయం పోతుంది. లెగోలో ఒక బుడిపె నడిమధ్య నుంచి పక్క బుడిపె నడిమధ్యకి దూరం 8 మిల్లీమీటర్లు. ప్లేట్ అనే పలచటి ముక్క ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. మూడు ప్లేట్లు పేర్చితే ఒక ఇటుక ఎత్తు, అంటే 9.6. ఇప్పుడు ఐదు ప్లేట్లు పేర్చండి: 16 మిల్లీమీటర్లు. రెండు బుడిపెల వెడల్పూ 16 మిల్లీమీటర్లే. అందుకే ఐదు ప్లేట్ల దొంతరని పక్కకి తిప్పితే రెండు బుడిపెల చోట్లో అచ్చంగా ఇమిడిపోతుంది. ఈ ఐదూ రెండూ లెక్క మనసులో ఉంచుకుని కడితే, మాన్యువల్ ఏం చేయిస్తోందో ముందే అర్థమవుతుంది. పొరపాటు జరిగినా ఎక్కడో తెలుస్తుంది: పక్క గోడ ఇమడటం లేదంటే లోపల ఎక్కడో ఒక ప్లేట్ ఎక్కువో తక్కువో పడింది. బలంగా నొక్కకండి, వెనక్కి వెళ్లి లెక్క చూడండి.

ట్రాకులు తిరగడం లేదు.

రెండు వైపులా లింకులు, అంటే ట్రాకుని చేసే చిన్న ముక్కలు, లెక్కపెట్టండి. సమానంగా ఉండాలి, మాన్యువల్ చెప్పినన్నే ఉండాలి. ఒక లింకు తక్కువైతే బిగిసిపోతుంది, ఎక్కువైతే వదులై ఊడిపోతుంది. చివరి లింకు కలిపేటప్పుడు వంపు దగ్గర కాకుండా చదునుగా ఉన్న చోట కలపండి, లేకపోతే కొక్కెం విరిగే ప్రమాదముంది. గాజు బల్ల మీద ట్రాకు జారుతుంది, దుప్పటి మీదో చాప మీదో తోసి చూడండి.

ఒక ముక్క మిస్సయింది. ఏం చేయాలి?

ముందు కవర్లు అన్నీ విదిలించి చూడండి. తర్వాత కట్టినంత వరకు ఫొటోతో పోల్చండి. చాలాసార్లు ఆ ముక్క తప్పు చోట కూర్చుని ఉంటుంది. చాలా చిన్న ముక్కలకి ఒక్కోటి అదనంగా ఇవ్వడం లెగో అలవాటు, కాబట్టి చివర్లో నాలుగైదు మిగిలితే కంగారు పడొద్దు.

నా చేతికొచ్చిన పాత సెట్‌లో, అన్నీ ఉన్నాయని అమ్మినతను చెప్పినా, పదకొండు ముక్కలు లేవు. తిరిగి అడిగితే జవాబు రాలేదు. నాలుగు రోజులు బాధగా అనిపించింది. తర్వాత ఆ పదకొండూ విడిగా తెప్పించాను. కొత్త ముక్కలకీ పాత ముక్కలకీ పసుపులో చిన్న తేడా ఉంది, అందుకే కొత్తవాటిని వీపు వైపు పెట్టాను. మీరు మాత్రం డబ్బు పంపేముందే ముక్కలన్నీ పరిచిన ఫొటో అడగండి.

పిల్లలతో కలిసి కట్టొచ్చా?

పదేళ్లు దాటిన పిల్లలైతే హాయిగా. అంతకంటే చిన్నవాళ్లకి ట్రాకు లింకులు కలిపే పని ఇవ్వండి, వాళ్లకి అది భలే నచ్చుతుంది. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం తలుపేసుకుని కట్టండి. ఈ ముక్కలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

మా అమ్మాయి మాన్యువల్ చదివే బాధ్యత తీసుకుంది, నేను కట్టేవాణ్ణి. మధ్యలో ఆపేసి, "నాన్నా, ఇతను మొక్కని దాచుకునేది ఈ పొట్టలోనేనా?" అని అడిగింది. సినిమాలో ఈవ్ అనే ఇంకో రోబో తీసుకునే ఆ మొక్క గురించి అరగంట మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం ఆరు పేజీలే అయ్యాయి.

కట్టాక ఎలా నిలబెట్టాలి? నాది ఎందుకో జీవం లేనట్టుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు తలని నిటారుగా, ఎదురుగా, చేతుల్ని సమానంగా పెట్టడం. పాస్‌పోర్ట్ ఫొటోలా అవుతుంది.

మెడని కొంచెం ముందుకి వంచండి. తలని ఎడమకో కుడికో కొద్దిగా తిప్పండి. ఒక చెయ్యి ఇంకోదానికంటే కాస్త పైకి ఎత్తండి. ఇప్పుడు ఎదురుగా కాకుండా, బొమ్మ చూపు పడే చోట ఏదైనా ఒక చిన్న వస్తువు పెట్టండి. సినిమాలో ఇతను చెత్తలో దొరికిన వస్తువుల్ని ఇంటికి తెచ్చి దాచుకుంటాడు: లైటర్, రూబిక్ క్యూబ్, బల్బు. మా ఇంట్లో పాత సీరియల్ బల్బు ఒకటి, పెళ్లిపందిరి నుంచి మిగిలింది, అతని ముందుంచాను. చూసినవాళ్లంతా ముందు బల్బు వైపు చూస్తారు, తర్వాత అతని ముఖం వైపు. మీరూ పది నిమిషాలు తీసుకుని నాలుగైదు రకాలుగా పెట్టి ఫొటోలు తీసి చూడండి. ఏది బాగుందో ఫొటోలో వెంటనే తెలుస్తుంది.

షోకేసులో పెట్టాలా? దుమ్ము, ఎండ?

ఎండ తగిలే కిటికీ దగ్గర వద్దు. లెగో ముక్కలు 1963 నుంచి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. నేరుగా ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ దాని రంగు మారుతుంది, తెలుపూ బూడిదా ముందు పచ్చబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో పార్క్ చేసిన కారులో అస్సలు వదలకండి, ముక్కలు వంగిపోవచ్చు.

దుమ్ముకి మేకప్ బ్రష్ లాంటి మెత్తటి బ్రష్ చాలు, వారానికి ఒకసారి. ట్రాకుల సందుల్లో పేరుకుంటే ఆ భాగాన్ని విప్పి, 40 డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్లలో, కొద్దిగా డిష్‌వాష్ లిక్విడ్ వేసి చేత్తో కడగండి. వాషింగ్ మెషీన్, హెయిర్ డ్రయర్ రెండూ వద్దు. స్టిక్కర్ ఉన్న ముక్కలుంటే వాటిని నీళ్లలో ముంచకండి. నీడలో పాత టవల్ మీద ఆరబెట్టండి.

కదలకుండా ఫెవిక్విక్ పెట్టొచ్చా?

వద్దు. ఏం పెట్టినా వద్దు. మెడ ఒరిగితే ముక్క మార్చండి.

ఈవ్ కూడా కావాలి. ఉందా?

ఈ సైజులో, ఇదే శైలిలో కంపెనీ ఈవ్‌ని చేయలేదు. 2023లో బ్రిక్‌హెడ్జ్ వరసలో ఈవ్, వాల్-ఈ జంట వచ్చింది. నంబర్ 40619, రెండూ కలిపి 155 ముక్కలు. పెద్ద తల, చిన్న ఒళ్లు, అరచేతిలో ఇమిడేంత. మొదటిసారి లెగో పట్టుకునేవాళ్లకి అది మంచి మొదలు. కానీ అందులో వాల్-ఈ మెడ వంగదు. నాకైతే అది పెద్ద లోటే.

ఇదంతా చూశాక నాకు నచ్చిన పాత్రని నేనే డిజైన్ చేయాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రిక్‌లింక్ వాళ్ల స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ముక్కల కొరత లేకుండా కంప్యూటర్‌లో కట్టి చూసుకోవచ్చు, చివరికి ముక్కల జాబితా కూడా అదే ఇస్తుంది. అయితే తెర మీద బరువు తెలియదు. తెర మీద నిలబడ్డ తల చేతిలో పడిపోతుంది. వాల్-ఈ మెడ విషయంలో అనుభవం ఉన్న కంపెనీకే ఇబ్బంది ఎదురైందంటే, మెడని, తలని అసలు ముక్కలతో కట్టి ఒక రాత్రంతా వదిలి చూడటం ఎంత అవసరమో ఆలోచించండి.

ముందు ఒళ్లు కట్టకండి. కళ్లు కట్టండి. ఏ ముక్కతో కళ్లు వస్తాయో తేలితే తల కొలత తేలుతుంది, తల కొలతని బట్టి ఒంటి కొలత వస్తుంది. ఒళ్లు ముందు కట్టి, దానికి సరిపడే కళ్ల కోసం వెతికితే దొరకవు. నేను రెండు నెలలు అలాగే వెతికాను.

రెండోసారి కట్టామన్నారు. ఉన్నదాన్ని ఎందుకు విప్పారు?

ఇల్లు మారేటప్పుడు. డబ్బాలో కదిలి విరుగుతుందేమోనన్న టెన్షన్‌తో విప్పి, ఒక్కో భాగాన్ని ఒక్కో జిప్ కవర్‌లో పెట్టి పేరు రాశాను: తల, మెడ, పొట్ట, ఎడమ ట్రాకు, కుడి ట్రాకు. విప్పడానికి నారింజ రంగు బ్రిక్ సెపరేటర్ ఒకటి కొనుక్కోండి, గోళ్లతో, పళ్లతో లాగొద్దు. పళ్ల గాట్లు ముక్క మీద అలాగే ఉండిపోతాయి.

కొత్త ఇంట్లో సామాను ఇంకా సర్దకముందే మా అమ్మాయి మెడ అని రాసిన కవర్ వెతికి తెచ్చింది. ఈసారి కట్టింది తను, మాన్యువల్ చదివింది నేను.